చిన్న బ్యాంకు షేరును పదిహేనేళ్లు పట్టుకోవచ్చా? ప్రాంతీయ బ్యాంకు, పెద్ద బ్యాంకు, ఇండెక్స్ ఫండ్, ఎఫ్‌డీ: ఎవరికి ఏది నప్పుతుంది

"ముప్పై ఏళ్లుగా నా లావాదేవీలన్నీ ఆ బ్యాంకులోనేరా. మేనేజర్లు మారినా మర్యాద మారలేదు. షేరు కూడా చవగ్గానే ఉంది. నాలుగు లక్షలు పెట్టి పదిహేనేళ్లు మర్చిపోతే ఎలా ఉంటుంది?" అని మా బాబాయి సంక్రాంతికి అడిగారు. అరిసెలు తింటూ ఒక్క మాటలో చెప్పే జవాబు కాదది. ఇంటికొచ్చాక కాగితం మీద లెక్కలు వేసి ఆయనకు పంపాను. అదే ప్రశ్న చాలామందికి ఉంటుందని కాస్త పెంచి ఇక్కడ రాస్తున్నాను.

నేను స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ దగ్గర నమోదైన సలహాదారుణ్ణి కాదు. చాలా ఏళ్లుగా బ్యాంకు షేర్లు కొంటూ, వార్షిక నివేదికలు చదువుతూ వచ్చిన మామూలు మదుపరిని. ఇక్కడ పేర్లు వచ్చిన బ్యాంకులు ఉదాహరణల కోసమే, వాటిని కొనమనో అమ్మమనో కాదు.

ప్రాంతీయ బ్యాంకు అంటే ఇక్కడ నా ఉద్దేశం పాత తరం ప్రైవేటు బ్యాంకులు. ఒక ఊళ్లో, ఒక వ్యాపార వర్గం అవసరాల కోసం పుట్టి, ఇప్పటికీ ఎక్కువ వ్యాపారం తమ ప్రాంతంలోనే చేసేవి. కుంభకోణంలో 1904లో మొదలైన సిటీ యూనియన్, కరూర్‌లో 1916లో మొదలైన కరూర్ వైశ్యా, తూత్తుకుడిలో 1921లో నాడార్ బ్యాంకుగా పుట్టిన తమిళనాడ్ మర్కంటైల్, మంగళూరులో 1924 నాటి కర్ణాటక బ్యాంకు, త్రిశ్శూర్‌లో 1929 నాటి సౌత్ ఇండియన్, కేరళలోనే 1931లో మొదలైన ఫెడరల్. గ్రామీణ బ్యాంకులు స్టాక్ మార్కెట్లో లేవు కాబట్టి వాటి సంగతి వదిలేద్దాం.

## కొనే ముందు ఏం చూడాలి

### పుస్తక విలువ, దానికి మీరు కట్టే ధర

బ్యాంకు ఆస్తుల్లోంచి అప్పులన్నీ తీసేస్తే మిగిలేది వాటాదారుల సొమ్ము. దాన్ని షేర్ల సంఖ్యతో భాగిస్తే వచ్చేదే షేరుకు పుస్తక విలువ, అంటే బుక్ వాల్యూ. బ్యాంకు షేరుకు దీన్ని మించిన కొలబద్ద నాకు కనిపించలేదు. షేరు 30 రూపాయలైతే చవక, 300 అయితే ఖరీదు అనుకోవడం పొరపాటు. పుస్తక విలువ 20 ఉన్న షేరును 30కి కొంటే ఖరీదు. అదే 400 ఉన్నదాన్ని 300కి కొంటే చవక.

ఒక లెక్క చూడండి. షేరు పుస్తక విలువ 100. బ్యాంకు వాటాదారుల సొమ్ము మీద ఏటా 12 శాతం లాభం తెచ్చి, అందులో అయిదో వంతు డివిడెండుగా ఇచ్చి, మిగతాది దాచుకుంటుందని అనుకుందాం. అప్పుడు పుస్తక విలువ ఏటా 9.6 శాతం పెరిగి, పదేళ్లకు 250 అవుతుంది. బ్యాంకు ఒకటే, లాభం ఒకటే. మీకు మిగిలేది మాత్రం ఇలా మారిపోతుంది:

| మీరు కొన్న ధర | పదేళ్ల తర్వాత మార్కెట్ ఇచ్చే ధర | ఏడాదికి రాబడి, డివిడెండు కాకుండా |
|---|---|---|
| 150 (పుస్తక విలువకు ఒకటిన్నర రెట్లు) | 250 (సమానం) | సుమారు 5.2 శాతం |
| 150 | 375 (ఒకటిన్నర రెట్లే) | 9.6 శాతం |
| 80 (పుస్తక విలువలో 80 శాతం) | 200 (80 శాతమే) | 9.6 శాతం |
| 80 | 300 (1.2 రెట్లు) | సుమారు 14 శాతం |

మొదటి వరుసలో ఉన్నవాడికీ చివరి వరుసలో ఉన్నవాడికీ బ్యాంకు పనితీరులో తేడా ఏమీ లేదు. కొన్న రోజున కట్టిన ధర, అమ్మే రోజున మార్కెట్‌కు ఆ బ్యాంకు మీద ఉన్న నమ్మకం మాత్రమే వేరు. ఈ పట్టిక చూశాక బాబాయి చాలాసేపు ఫోన్లో మాట్లాడలేదు.

అలాగని పుస్తక విలువ కంటే తక్కువకు దొరికే ప్రతి బ్యాంకూ బేరం కాదు. ఆ పుస్తకంలో రాసిన అప్పులన్నీ వసూలవుతాయని మార్కెట్ నమ్మకపోతేనే ధర అలా పడిపోతుంది. కాబట్టి తర్వాతి ప్రశ్న అప్పుల గురించి.

### మొండి బాకీలు

స్థూల ఎన్‌పీఏ, నికర ఎన్‌పీఏ అని ప్రతి మూడు నెలలకూ బ్యాంకు ప్రకటిస్తుంది. అప్పుల్లో ఎంత శాతం మొండిబారిందో మొదటిది చెబుతుంది. అందులో లాభాల్లోంచి ముందే పక్కన పెట్టింది పోను ఎంత మిగిలిందో రెండోది చెబుతుంది. ఒక్క త్రైమాసికం అంకె చూస్తే ఏమీ తెలియదు. పదేళ్ల వరుస చూడాలి. ఆర్థిక వ్యవస్థ బాగున్నప్పుడు అందరి అంకెలూ బాగానే ఉంటాయి. 2015 నుంచి 2020 దాకా మొండి బాకీలు దేశమంతా బ్యాంకుల్ని పీడించిన కాలంలో మీ బ్యాంకు ఎలా నిలబడిందన్నదే అసలు పరీక్ష.

### వంద రూపాయల ఆస్తి మీద లాభం ఎంత

ఆస్తుల మీద రాబడి 1 శాతం దాటితే బ్యాంకు ఆరోగ్యంగా ఉన్నట్టు. ఒకటిన్నర దాటి ఏళ్ల తరబడి నిలిస్తే చాలా మంచి బ్యాంకు. అర శాతం దగ్గర కొట్టుకుంటుంటే ఒక పెద్ద అప్పు మునిగినా ఏడాది లాభమంతా దానికే పోతుంది.

### కొత్త షేర్లు ఎన్నిసార్లు అమ్మింది, ఏ ధరకు

చాలామంది పట్టించుకోని కొలత ఇది. బ్యాంకు పెరగాలంటే మూలధనం కావాలి. లాభాల్లోంచి అది సరిపోకపోతే కొత్త షేర్లు అమ్ముతుంది. పుస్తక విలువ కంటే ఎక్కువ ధరకు అమ్మితే పాత వాటాదారుడికి మేలే, అతని షేరు పుస్తక విలువ కూడా పెరుగుతుంది. ఫెడరల్ బ్యాంకు 2023లో సంస్థాగత మదుపరులకు 131.90 రూపాయల చొప్పున అమ్మినప్పుడు జరిగింది అదే. పుస్తక విలువ కంటే తక్కువకు అమ్మితే మీ ముక్క చిన్నదైపోతుంది. రైట్స్ ఇష్యూలో, అంటే కొత్త షేర్లను ముందుగా పాత వాటాదారులకే అమ్మజూపినప్పుడు, మీరూ మళ్లీ డబ్బు పెట్టి మీ వాటా నిలబెట్టుకోవచ్చు. కానీ "ఒకసారి పెట్టి మర్చిపోతాను" అనుకున్నవాడి దగ్గర ఆ రోజు డబ్బు ఉండాలి కదా.

వీటితో పాటు ఒకే ప్రాంతం, ఒకే రంగం మీద బ్యాంకు ఎంత ఆధారపడిందో, ఎండీ పదవీకాలాన్ని రిజర్వ్ బ్యాంకు పూర్తిగా ఆమోదించిందో లేదో కూడా చూడాలి.

## మొదటి దారి: ప్రాంతీయ బ్యాంకు షేరు

కరూర్ ఊరు కథ ముందు చెప్పాలి. బాబాయికి కూడా అదే ముందు చెప్పాను.

కరూర్‌లో రెండు బ్యాంకులు పుట్టాయి. 1916లో కరూర్ వైశ్యా, 1926లో లక్ష్మీ విలాస్. ఒకే ఊరు, ఒకే రకం వ్యాపారులు, బట్టల వ్యాపారానికీ సాగుకూ అప్పులు. రెంటికీ మన తెలుగు జిల్లాల్లోనూ బ్రాంచీలు వచ్చాయి. 2017 చివర్లో, కొద్ది వారాల తేడాతో రెండూ రైట్స్ ఇష్యూకి వచ్చాయి. కరూర్ వైశ్యా షేరుకు 76 రూపాయలు అడిగింది. లక్ష్మీ విలాస్ 122 అడిగింది.

2020 మార్చి నాటికి కరూర్ వైశ్యా స్థూల మొండి బాకీలు 8.7 శాతం దగ్గర ఉన్నాయి. షేరు 20 రూపాయల చుట్టుపక్కలకు పడింది. మధ్యలో పది షేర్లకు ఒకటి చొప్పున ఉచితంగా బోనస్ షేరు ఇచ్చింది కాబట్టి 76 రూపాయల కొనుగోలు ధర 69 కింద లెక్క. అంటే మూడో వంతు కూడా మిగల్లేదు. ఆ జులైలో స్టేట్ బ్యాంకు నుంచి వచ్చిన బి. రమేష్ బాబు ఎండీ అయ్యారు. పెద్ద కార్పొరేట్ అప్పులు తగ్గించి చిన్న వ్యాపారులు, రైతులు, బంగారం రుణాల వైపు బ్యాంకును మళ్లీ తిప్పారు. 2019-20లో 235 కోట్లున్న నికర లాభం 2024-25లో 1,942 కోట్లయింది. స్థూల మొండి బాకీలు 1 శాతం లోపుకి వచ్చాయి. 2024 చివరకు షేరు 200 దాటింది. 2017లో కొని కదలకుండా కూర్చున్నవాడికి ఏడేళ్లలో సుమారు మూడు రెట్లు. 2020లో భయపడి అమ్మేసినవాడికి మూడింట రెండొంతులకు పైగా నష్టం.

లక్ష్మీ విలాస్ దారి వేరు. 2020 మార్చికి దాని స్థూల మొండి బాకీలు 25 శాతం దాటాయి. 2019 సెప్టెంబరులోనే రిజర్వ్ బ్యాంకు దాన్ని సత్వర దిద్దుబాటు చర్యల కింద, అంటే బలహీనపడిన బ్యాంకుల మీద విధించే ఆంక్షల కింద పెట్టింది. ఒక గృహ రుణ సంస్థతో విలీనానికి ప్రయత్నిస్తే రిజర్వ్ బ్యాంకు ఒప్పుకోలేదు. 2020 సెప్టెంబరులో వార్షిక సమావేశంలో వాటాదారులే ఎండీతో సహా ఏడుగురు డైరెక్టర్లను ఓటు వేసి తప్పించారు. నవంబరు 17న మారటోరియం (డబ్బు తీసుకోవడం మీద తాత్కాలిక ఆంక్ష), 27న డీబీఎస్ బ్యాంకులో విలీనం. డిపాజిట్‌దారులకు రూపాయి కూడా పోలేదు. వాటాదారులకు రూపాయి కూడా రాలేదు. షేరు మూలధనం మొత్తం రద్దయింది.

76 పెట్టినవాడికి మూడు రెట్లు, 122 పెట్టినవాడికి సున్నా. ఊరి పేరు, పాతకాలపు పరువు, కౌంటర్ దగ్గరి మర్యాద చూసి ఈ రెంటిలో ఒకదాన్ని ఎంచుకోవడం ఎవరి వల్లా కాదు. మొండి బాకీల అంకెలు, ఎండీల మార్పులు, రిజర్వ్ బ్యాంకు ఆంక్షలు చూసి ఉంటే మాత్రం 2019లోనే బయటికి రావడానికి దారి ఉంది. దీర్ఘకాలం పట్టుకోవడం అంటే చూడకుండా ఉండటం కాదని నేను పట్టుబట్టేది ఇందుకే.

మిగతా బ్యాంకులు ఈ రెండు కొసల మధ్య ఉన్నాయి.

సిటీ యూనియన్ చాలా ఏళ్లు ఆస్తుల మీద ఒకటిన్నర శాతం దాకా రాబడి తెచ్చిన క్రమశిక్షణ గల బ్యాంకు. అయినా 2020 ఫిబ్రవరిలో 230 రూపాయల పైన కొన్నవాడు ఆ ధర మళ్లీ చూడటానికి అయిదేళ్లకు పైగా ఆగాల్సి వచ్చింది. మంచి బ్యాంకే, కొన్న ధరే ఎక్కువ. పైన పట్టికలో మొదటి వరుస అన్నమాట.

సౌత్ ఇండియన్ 2017లో 14 రూపాయల చొప్పున రైట్స్ షేర్లు ఇచ్చింది. 2020లో షేరు 5 రూపాయల దాకా జారింది. తర్వాత కోలుకుని 2024లో మళ్లీ 22 రూపాయల చొప్పున రైట్స్ ఇష్యూ చేసింది, అదీ పుస్తక విలువకు బాగా తక్కువలో. బ్యాంకు ఇప్పుడు లాభాల్లోనే ఉంది. కానీ పదేళ్ల క్రితం కొన్నవాడు ఓపికతో పాటు రెండుసార్లు అదనపు డబ్బు కూడా పెట్టాల్సి వచ్చింది.

ఫెడరల్‌లో శ్యామ్ శ్రీనివాసన్ 2010 సెప్టెంబరు నుంచి 2024 సెప్టెంబరు దాకా ఎండీగా ఉన్నారు. షేరు విభజన, బోనస్ సర్దుబాటు చేసి చూస్తే ఆ పద్నాలుగేళ్లలో ధర సుమారు 40 నుంచి 190 దాకా వెళ్లింది. ఏడాదికి 12 శాతానికి కాస్త తక్కువ, డివిడెండ్లు అదనం. బాగా నడిచిన ప్రాంతీయ బ్యాంకు నుంచి ఆశించదగిన రాబడి ఇంతే. నెమ్మదిగా వచ్చింది, అయినా వచ్చింది.

### మన తెలుగు బ్యాంకుల వాటాదారులకు ఏం మిగిలింది

ఇక్కడ కాసేపు ఆగాలనిపిస్తుంది, ఎందుకంటే మన ఇళ్లలో ఎక్కువ షేర్లు ఇవే.

భోగరాజు పట్టాభి సీతారామయ్య గారు 1923 నవంబరులో మచిలీపట్నంలో ఆంధ్రా బ్యాంకును స్థాపించారు. 1980లో జాతీయమైంది. 2001లో 10 రూపాయలకు, 2006 జనవరిలో 90 రూపాయలకు ప్రజలకు షేర్లు అమ్మింది. 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసినప్పుడు ప్రతి 1000 షేర్లకు 325 యూనియన్ బ్యాంకు షేర్లు ఇచ్చారు. 2006లో 90 వేలు పెట్టి 1000 షేర్లు కొన్నవారి చేతిలో ఇప్పుడున్నవి ఆ 325. యూనియన్ బ్యాంకు షేరు 120 అనుకుంటే వాటి విలువ 39 వేలు. మధ్యలో మంచి డివిడెండ్లు వచ్చాయి, కొన్ని సంవత్సరాల్లో షేరుకు 5 రూపాయలకు పైగా. వాటిని కలుపుకున్నా ఎఫ్‌డీ చేతిలో ఓడిపోయారు. 2001లో 10 రూపాయలకు కొన్నవారికి మాత్రం అదే బ్యాంకు లాభం మిగిల్చింది. ధర ఎంత తేడా తెస్తుందో మన ఇంటి ఉదాహరణ ఇది.

గ్లోబల్ ట్రస్ట్ బ్యాంకు 1994లో హైదరాబాద్ కేంద్రంగా రమేష్ గెల్లి నాయకత్వంలో మొదలైంది. దాని పబ్లిక్ ఇష్యూకి జనం ఎగబడ్డారు. షేర్ బ్రోకర్ కేతన్ పారిఖ్ కుంభకోణం వ్యవహారంలో చిక్కుకుంది. 2001లో యూటీఐ బ్యాంకుతో అనుకున్న విలీనం ఆగిపోయింది. 2004 జులైలో మారటోరియం వచ్చి, ఆగస్టులో ఓరియంటల్ బ్యాంకులో కలిసింది. డిపాజిట్లు భద్రం, వాటాదారులకు సున్నా. పదహారేళ్ల తర్వాత లక్ష్మీ విలాస్‌లో జరిగింది అచ్చం ఇదే.

మూడోది 1930లో బెంగళూరులో పుట్టి, తెలుగు వ్యాపార కుటుంబాలకు ఎంతో దగ్గరైన వైశ్యా బ్యాంకు. అది ఐఎన్‌జీ వైశ్యా అయింది. 2015 ఏప్రిల్‌లో కోటక్ మహీంద్రాలో కలిసినప్పుడు 1000 షేర్లకు 725 కోటక్ షేర్లు వచ్చాయి. అదే ఏడాది కోటక్ ఒకటికి ఒకటి బోనస్ ఇవ్వడంతో అవి 1450 అయ్యాయి. చిన్న బ్యాంకు షేరు దీర్ఘకాలంలో సంపద కావడానికి ఒక దారి ఇది. బలమైన పెద్ద బ్యాంకు మంచి ధరకు కలుపుకోవాలి. ప్రైవేటు బ్యాంకులో 5 శాతం, ఆపైన వాటా కొనాలంటే రిజర్వ్ బ్యాంకు అనుమతి ఉండాలి కాబట్టి అలాంటి అదృష్టం తరచూ తలుపు తట్టదు. "ఎవరో ఒకరు కొనేస్తారులే" అనే ఒక్క ఆశతో షేరు కొనకండి.

## రెండో దారి: పెద్ద ప్రైవేటు బ్యాంకు

హెచ్‌డీఎఫ్‌సీ, ఐసీఐసీఐ, కోటక్ వంటివి. ఒక రాష్ట్రంలో వర్షాలు పడకపోయినా, ఒక ఊళ్లో పరిశ్రమ మూతపడినా వీటికి పెద్దగా తగలదు. డిపాజిట్లు చవగ్గా దొరుకుతాయి. మూలధనం కావలసి వస్తే పుస్తక విలువకు రెండు మూడు రెట్ల ధరకు షేర్లు అమ్ముకోగలవు. పాత వాటాదారుడికి అది వరం.

మీరు కూడా ఆ రెండు మూడు రెట్లే కట్టి కొనాల్సి రావడం దీని లోపం. హెచ్‌డీఎఫ్‌సీ బ్యాంకు 2021 ఫిబ్రవరిలో ఉన్న ధర కంటే 2024 ఫిబ్రవరిలో తక్కువలో ఉంది. ఆ మూడేళ్లూ బ్యాంకు లాభాలు పెరుగుతూనే ఉన్నాయి. పెద్ద బ్యాంకులోనూ ఓపిక పరీక్ష తప్పదు. కానీ డబ్బంతా సున్నా అయ్యే ప్రమాదం చాలా తక్కువ. రాత్రి నిద్రకు ఆ తేడా చాలు.

## మూడో దారి: బ్యాంకు ఇండెక్స్ ఫండ్

ఒక సూచీలో ఉన్న షేర్లన్నిటినీ అదే నిష్పత్తిలో కొనే ఫండ్ ఇది. బ్యాంకు షేర్ల సూచీ నిఫ్టీ బ్యాంకు 2000 జనవరి 1న 1000 దగ్గర మొదలైనట్టు లెక్క. 2024 ముగిసేసరికి అది 50,800 దాటింది. పాతికేళ్లలో యాభై రెట్లు, ఏడాదికి సుమారు 17 శాతం. ఈ అంకె చెప్పి చాలామంది ఆశ పుట్టిస్తారు. దాని పక్కనే మరో అంకె పెట్టి చూడండి. 2014 చివర్లో 18,700 దగ్గరున్న సూచీ 2024 చివరకు 50,800 అయింది. ఏడాదికి పదిన్నర శాతమే. మీ పదిహేనేళ్లకు నేనైతే ఈ రెండో అంకెకు దగ్గరగా ఆశ పెట్టుకుంటాను. వీటిలో డివిడెండ్లు కలపలేదు.

ఇందులో ఎక్కువ బరువు కొన్ని పెద్ద బ్యాంకులదే. కాబట్టి ఇది రెండో దారికి దగ్గరి చుట్టమే. మునిగే బ్యాంకును సూచీ తనంతట తనే బయటికి పంపేస్తుంది, ఆ పని మీరు చేయక్కర్లేదు. ప్రాంతీయ బ్యాంకుల్లో ఫెడరల్‌కు చిన్న వాటా ఉంది. మిగతా చిన్న బ్యాంకులు ఇందులో దాదాపు లేవనే చెప్పాలి. అవి ఒక్కసారిగా కోలుకుని పది రెట్లు పెరిగితే ఆ ఆనందం మీకు దక్కదు.

## నాలుగో దారి: అదే బ్యాంకులో ఎఫ్‌డీ

ఒకే బ్యాంకుకు డబ్బు ఇవ్వడానికి రెండు తలుపులున్నాయి, అప్పు ఇచ్చినవాడిగా ఒకటి, వాటాదారుడిగా ఒకటి. గ్లోబల్ ట్రస్ట్, లక్ష్మీ విలాస్ రెండు సందర్భాల్లోనూ మొదటి తలుపులోంచి వెళ్లినవారు క్షేమంగా బయటపడ్డారు. లక్ష్మీ విలాస్ మారటోరియంలో పది రోజులు 25 వేలకు మించి తీయలేకపోయారు. టెన్షన్ పడ్డారు, డబ్బు మాత్రం దక్కింది. డిపాజిట్ బీమా 2020 ఫిబ్రవరి నుంచి ఒక్కో బ్యాంకులో ఒక్కొక్కరికి 5 లక్షలు.

ఇక రాబడి. 7 శాతం వడ్డీకి డబ్బు రెట్టింపవడానికి పదేళ్లు పడుతుంది. 30 శాతం పన్ను శ్లాబులో ఉన్నవారికి సెస్సుతో కలిపి చేతికి వచ్చేది 4.8 శాతం. ధరల పెరుగుదలకు అది బొటాబొటిగా సరిపోతుంది. పన్ను కట్టేంత ఆదాయం లేని పెద్దవారికి మాత్రం ఆ 7 శాతం పూర్తిగా మిగులుతుంది. ఇదే ఎఫ్‌డీ వాళ్లకు చాలా మంచి సాధనం.

## నాలుగూ పక్కపక్కన

| | ప్రాంతీయ బ్యాంకు షేరు | పెద్ద బ్యాంకు షేరు | బ్యాంకు ఇండెక్స్ ఫండ్ | ఎఫ్‌డీ |
|---|---|---|---|---|
| బాగా జరిగితే | కొన్నేళ్లలోనే అనేక రెట్లు | నెమ్మదిగా, నిలకడగా | సగటు రాబడి | చెప్పిన వడ్డీ |
| బాగా జరగకపోతే | సున్నా కావచ్చు | ఏళ్ల తరబడి కదలదు | ఏళ్ల తరబడి కదలదు | వడ్డీ తగ్గుతుంది, కొద్ది రోజులు డబ్బు ఆగవచ్చు |
| మీరు చేయాల్సిన పని | ప్రతి త్రైమాసికం చూడాలి | ఏడాదికోసారి చూడాలి | దాదాపు ఏమీ లేదు | గడువు గుర్తుంచుకోవాలి |
| మళ్లీ డబ్బు పెట్టాల్సి రావడం | రైట్స్ రూపంలో రావచ్చు | అరుదు | లేదు | లేదు |
| పన్ను | ఏడాది దాటాక లాభంపై 12.5 శాతం, డివిడెండుపై శ్లాబు ప్రకారం | అదే | లాభంపై అదే | వడ్డీపై శ్లాబు ప్రకారం |

షేర్లు, ఈక్విటీ ఫండ్ల దీర్ఘకాల లాభంలో ఏడాదికి 1.25 లక్షల దాకా పన్ను లేదు. డివిడెండు మీద ఆధారపడేవారు మరో సంగతి గుర్తుంచుకోవాలి. కరోనా వచ్చిన 2020లో బ్యాంకులేవీ 2019-20 లాభాల్లోంచి డివిడెండు ఇవ్వకూడదని రిజర్వ్ బ్యాంకు ఆపేసింది. బ్యాంకుకు ఇష్టం ఉన్నా ఇవ్వలేని రోజులు ఉంటాయి.

## ఎవరికి ఏది

పెన్షన్ లేకుండా రిటైరైనవారు. నెల ఖర్చుకు కావలసిన డబ్బు బ్యాంకు షేరులో పెట్టకండి, అది ఎంత మంచి బ్యాంకైనా సరే. బ్యాంకు మీద ప్రేమ ఉంటే డిపాజిట్‌దారుడిగానే చూపించండి. 5 లక్షల హద్దు దాటకుండా రెండు మూడు బ్యాంకుల్లో సర్దుకోండి.

పాతిక ముప్పై ఏళ్ల ఉద్యోగులు. నెలనెలా ఇండెక్స్ ఫండ్‌తోనే మొదలుపెట్టండి. బ్యాంకు సూచీ ఒక్కటే కాకుండా అన్ని రంగాలున్న సూచీ అయితే ఇంకా మేలు. ఎందుకంటే అందులోనే బ్యాంకుల బరువు బాగా ఉంటుంది. ప్రాంతీయ బ్యాంకు మీద ఆసక్తి ఉంటే షేర్లలో పెట్టిన మొత్తంలో 5 శాతం మించకుండా, ఒకటి కాకుండా రెండు బ్యాంకులు, వేర్వేరు రాష్ట్రాలవి తీసుకోండి.

బ్యాలెన్స్ షీట్ చదివే ఓపిక ఉన్నవారు. ప్రాంతీయ బ్యాంకు షేరు నిజంగా మీ కోసమే. పెద్ద బ్రోకరేజీలు వీటిని తక్కువగా పట్టించుకుంటాయి కాబట్టి చదివినవాడికి ఫలితం ఉంటుంది. అయినా ఓపిక కావాలి. తమిళనాడ్ మర్కంటైల్ ఆస్తుల మీద రాబడి చాలా బాగుంటుంది. అయినా 2022 సెప్టెంబరులో 510 రూపాయలకు మార్కెట్లోకి వచ్చాక చాలాకాలం ఆ ధర కిందే ఉంది.

అమెరికాలో ఉన్న మనవాళ్లు. అక్కడి ప్రాంతీయ బ్యాంకులకూ ఇదే తర్కం. 2023 మార్చిలో సిలికాన్ వ్యాలీ బ్యాంకు, మే 1న ఫస్ట్ రిపబ్లిక్ పోయినప్పుడు డిపాజిట్‌దారులు బయటపడ్డారు, వాటాదారులు మునిగారు. అక్కడ ముంచింది మొండి బాకీలు కాదు. వడ్డీ రేట్లు పెరిగి బాండ్ల విలువ పడిపోవడం, ఆ భయంతో డిపాజిట్‌దారులు గంటల్లో డబ్బు లాగేయడం. అక్కడ కొనేవారు బీమా లేని డిపాజిట్లు ఎంత శాతమో ముందు చూడాలి.

తాతగారి ట్రంకు పెట్టెలో సర్టిఫికెట్లు దొరికినవారు. ఇది కొనే నిర్ణయం కాదు, ఉన్నదాన్ని కాపాడుకునే పని. ఆంధ్రా బ్యాంకు కాగితాలైతే యూనియన్ బ్యాంకు రిజిస్ట్రార్‌ను, వైశ్యా బ్యాంకువైతే కోటక్ రిజిస్ట్రార్‌ను అడగాలి. 2019 ఏప్రిల్ నుంచి కాగితం షేర్లను మరొకరికి బదిలీ చేయడం కుదరదు, డీమ్యాట్ చేయించాకే, అంటే ఎలక్ట్రానిక్ రూపంలోకి మార్చాకే అమ్మగలరు. కంపెనీల చట్టం ప్రకారం వరుసగా ఏడేళ్లు డివిడెండు తీసుకోకపోతే షేర్లు కూడా ప్రభుత్వ మదుపరుల రక్షణ నిధికి వెళ్లిపోతాయి. అక్కడి నుంచి ఐఈపీఎఫ్-5 అనే ఫారం వేసి వెనక్కి తెచ్చుకోవచ్చు. వారసత్వ పత్రాలు, పేర్లలో అక్షరాల తేడాలు సరిచేసుకోవడానికి నెలలు పడుతుంది. అందుకే పెద్దవాళ్లు ఉండగానే మొదలుపెట్టండి.

## కొన్నాక ఎప్పుడు అమ్మాలి

ధర పడినందుకు కాదు. కరూర్ వైశ్యా 20 రూపాయలకు పడిన రోజున అమ్మినవారిది అదే పొరపాటు. నేను అమ్మకానికి చూసే గుర్తులు వేరే ఉన్నాయి. రిజర్వ్ బ్యాంకు సత్వర దిద్దుబాటు చర్యల కింద పెట్టినప్పుడు. ఎండీ గడువుకు ముందే హఠాత్తుగా వెళ్లిపోయి, కారణం సరిగ్గా చెప్పనప్పుడు. ఆడిటర్ మధ్యలో తప్పుకున్నప్పుడు. చిన్న వ్యాపారుల బ్యాంకు ఉన్నట్టుండి పెద్ద కార్పొరేట్లకు అప్పులివ్వడం మొదలుపెట్టినప్పుడు. కొత్తగా మొండిబారే అప్పులు వరుసగా నాలుగు త్రైమాసికాలు పెరిగినప్పుడు. వీటిలో ఒకటి కనిపిస్తే ఫోన్ చేసి అడుగుతాను, కాన్ఫరెన్స్ కాల్ వింటాను. రెండు కలిసి కనిపిస్తే నష్టమైనా బయటికొస్తాను.

బాబాయి చివరకు మూడు లక్షలు ఎఫ్‌డీలో వేశారు. మిగిలిన లక్షలో 60 వేలు ఇండెక్స్ ఫండ్‌కు, 40 వేలు తన ముప్పై ఏళ్ల బ్యాంకు షేర్లకు పెట్టారు, పుస్తక విలువకు దగ్గరి ధర వచ్చేదాకా ఆగి. మే నెలలో ఫలితాలు రాగానే నాకు ఫోన్ చేసి మొదట అడిగింది షేరు ధర కాదు. "ఈసారి కొత్తగా మొండిబారినవి ఎంతున్నాయిరా?" అన్నారు.